అహమ్మదాబాదు శేఠులు, గంపల స్త్రీలు



గడచిన మాసమున ఈ పుటను చదివి యొక సోదరి నాకు జాబు వ్రాసినది. వర్తకము, పరిశ్రమలు, వ్యాపార సంఘములు మొదలగునవి పురుషుల పత్రికలకు దగిన విషయములనియు, ఇల్లు దిద్దుకొను మనకు వానితో నేమి ప్రయోజనమనియు ఆమె ప్రశ్న. పరిహాసమునకు వ్రాయలేదు, నిజముగనే సందేహించి, మిక్కిలి మర్యాదగా వ్రాసినది. ఆ యుత్తరము నా చేత నుండగనే వీధి యరుగుమీద కూరల గంప దిగిన చప్పుడైనది.

ఆ గంప తెచ్చునామె పదునైదేండ్లుగా మా వీధికి వచ్చుచున్నది. ప్రతిదినమును వంకాయలయొద్దనో తోటకూరయొద్దనో బేరమాడి, రెండు మూడు రూపాయలు తగ్గించి, గెలిచితిననుకొని నేను లోనికి వచ్చుచుందును. ఆ దినమున మాత్రము, ఆ జాబు మహిమ యేమో గాని, "ఏమమ్మా, ఈ సరకు కొనుటకు నీకు పైకమెక్కడిది?" అని యడిగితిని. "ప్రొద్దున బజారులో నొకడు తొమ్మిదివందలు చేతిలో బెట్టును, అమ్మగారూ. ప్రొద్దుగూకునప్పటికి వేయి చెల్లింపవలెను" అని యామె తలగుడ్డ సవరించుకొనుచు చెప్పినది. నేను రెండు రూపాయలు గెలుచుచుండగా, నా కంటికి కనబడనివాడెవడో ఆమెయొద్ద దినమునకు నూఱు రూపాయలు గెలుచుచున్నాడు! పదునైదేండ్లలో ఈ ప్రశ్న నా నోట రాలేదు గదా యని సిగ్గుపడితిని.

సరిగా ఈ లెక్కయే సుమారు ఏబదియేండ్ల క్రిందట అహమ్మదాబాదు పట్టణమున కొందఱు స్త్రీలు వేసికొనిరి. దాని ఫలముగా నా పట్టణపు వ్యాపారమునందే కొంత మార్పు గలిగినది. కావున ఈ మాసమున ఆ పట్టణపు కథ చెప్పెదను. జాబు వ్రాసిన సోదరి దీనినే నా ప్రత్యుత్తరముగా గైకొనవలెను.

అహమ్మదాబాదు సాబర్మతీ నదీతీరమున 1411వ సంవత్సరమున సుల్తాను అహమ్మదుషా కట్టించిన పట్టణము. రాజులు మాఱిరి, సుల్తానులు పోయి మొగలాయీలు, వారు పోయి మరాఠాలు, వారిని త్రోసి ఇంగ్లీషువారు వచ్చిరి. కాని ఆ పట్టణమును నడపిన వారు వేఱు. బట్టల వర్తకులకొకటి, షరాబులకొకటి, ఇట్లు ఒక్కొక్క వృత్తికి నొక్కొక్క సంఘముండెను. దానికి మహాజనమని పేరు. ఏ దినమున అంగడి మూయవలెనో, తప్పుచేసిన వాని కెంత జుల్మానా వేయవలెనో, తగవు వచ్చినపుడు తీర్పెట్లు చెప్పవలెనో అంతయు మహాజనమే నిర్ణయించును. వీరందఱికి పైన నగరశేఠు అను పెద్ద యుండెడివాడు.

ఈ నగరశేఠుల వంశమున కుశాల్‌చందు అను నాతని కథ వినదగినది. ఇతడు మొగలు దర్బారుకు రత్నములమ్మిన శాంతిదాసు జవేరికి మనుమడు. 1725లో మరాఠా సేనలు పట్టణమును దోచుకొన నుద్యుక్తములై యుండగా, ఇతడు తన స్వంత ధనమును పోసి వారిని మరలించి పట్టణమును కాపాడెను. అందుకు కృతజ్ఞులై పట్టణమందలి వర్తకులందఱు చేరి, కాటాకు వచ్చు సరకులో నూఱు రూపాయల విలువకు నాలుగణాల వంతున ఇతనికిని ఇతని సంతతికిని చెల్లింప నొడంబడిరి. ఉపకారమునకు ప్రత్యుపకారమును గూడ లెక్క గట్టి, పుస్తకమున వ్రాసికొన్న పట్టణమిది! నాకిది మొదట నవ్వు పుట్టించినది. పిదప నాలోచింపగా, మాటతో సరిపుచ్చిన కృతజ్ఞతకంటె నిదియే మేలేమో యని తోచినది.

మహాజనములలో స్త్రీలు లేరు. అయినను స్త్రీ లేదనుట సరికాదు. 1845లో హఠీసింగు కేసరిసింగు అను ధనవంతుడైన వర్తకుడు చనిపోయెను. ఢిల్లీ దర్వాజా వెలుపల ఆతడు కట్టింప దలపెట్టిన జైన దేవాలయము అప్పటికి పూర్తి కాలేదు. ఆతని భార్య హరకుంవరు శేఠాణి. విధవయై మూల గూర్చుండవలసిన కాలమది. ఆమె కూర్చుండలేదు. భర్త విడిచిన వ్యవహారమును తానే చూచుకొని, ఆలయ నిర్మాణమును నడపించి, 1848లో ధర్మనాథ తీర్థంకరుని ప్రతిష్ఠ జరిపించినది. చుట్టును 52 చిన్న మందిరములతో తెల్లని చలువరాతి పనితో నది నేటికిని యాత్రికులను ఆకర్షించుచున్నది. దొరతనమువారు ఆమెకొక బిరుదము నిచ్చి గౌరవించిరి. బాలికల పాఠశాలకును, వైద్యశాలకును ఆ యింటి ధనము తోడ్పడినది. గుడిని చూడబోవు మన యాత్రికులు శిల్పమును పొగడి వత్తురే గాని, శిల్పులకు కూలి లెక్కచూచి యిచ్చిన చేయి యేదని యడుగరు.

ఇక మిల్లుల కథ. రణఛోడలాలు ఛోటాలాలు 1823లో నాగర బ్రాహ్మణ కుటుంబమున పుట్టెను. వర్తకుల కొడుకు కాడు. సర్కారు కొలువున నున్నవాడు. యంత్రములతో నూలు వడకు మిల్లు పెట్టవలెనని 1840వ దశకము చివరనుండియే ఆతనికి పట్టుదల. పట్టణమందలి షరాబులు నవ్విరి. బ్రాహ్మణుడు, ఉద్యోగస్థుడు, వీనికి నూలు సంగతి యేమి తెలియునని వారి సందేహము. పదేండ్లకు పైగా ప్రయత్నించి, తుదకు 1859లో కంపెనీ స్థాపించెను. యంత్రములు సీమనుండి రావలెను. లండనులో వర్తకము చేయుచుండిన దాదాభాయి నౌరోజీ వానిని కొనుటలో సాయపడెను. మొదట పంపిన యంత్రములు సముద్రముమీదనే నష్టమయ్యెను. ఇంకొకడైనచో అంతటితో చేతులు కడుగుకొనియుండును. ఇతడు మరల తెప్పించెను. అప్పటికి అహమ్మదాబాదునకు రైలు లేదు. బొంబాయి రైలు వచ్చినది 1864లో. కాంబే రేవున దించి, యెద్దుబండ్లమీద యంత్రపు ముక్కలను నెమ్మదిగా లాగించుకొని వచ్చిరి. 1861 మే మాసమున షాపూరులో 2,500 కదుళ్ళతో ఆ పట్టణపు మొదటి మిల్లు తిరుగ నారంభించినది.

మిల్లుకంటె నాకు నచ్చినది ఆతని మఱియొక పని. ఆతడు మునిసిపాలిటీకి అధ్యక్షుడయ్యెను. ఆ పట్టణమున అట్టి పదవి కెక్కిన మొదటి హిందూదేశీయు డాతడే. ఆ కాలమున కోటలోపలి పోళములలో, అనగా ఒకే వాకిలిగల యిరుకు వీధులలో, మురుగు ఇంటిముందే నిలిచియుండెడిది. నీటికై బావులు, ఇండ్లక్రింద వాననీటి తొట్లు. భూమిక్రింద మురుగు కాలువలు త్రవ్వించి, గొట్టములతో మంచినీరు తెప్పింతునని రణఛోడలాలు పట్టుబట్టగా, పన్ను పెరుగునని యొకరు, ఆచారము చెడునని యొకరు గగ్గోలు పెట్టిరి. ఆరోగ్య విషయమై హిందూదేశముపై శ్రద్ధగల ఫ్లారెన్సు నైటింగేలు ఇంగ్లండునుండి ఆతనితో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపినది. 1890వ దశకారంభమునకు గొట్టపు నీరు వచ్చినది. కాలువలకు ఎదురు తిరిగిన వారిలో కడవ మోసినవారెవరైన నుండిరా యని నా యనుమానము.

మొదటి మిల్లు వెనుక వరుసగా మిల్లులు లేచినవి. పొగగొట్టములు మొలచినవి. దేశమంతట ఆ పట్టణమును భారత మాంచెస్టరని పిలిచిరి. మన తెలంగాణమునుండి పద్మశాలీ కుటుంబములనేకము మగ్గములు విడిచి ఆ మిల్లులకు వలసపోయినవి. ధనము శేఠులకు చేరినది. పని చేసినవారి గతి వేఱు. దానిని బయటపెట్టినది మిల్లు యజమాని యింటి యాడుపడుచే.

అనసూయా సారాభాయి 1885లో పుట్టినది. చిన్నతనముననే తల్లిదండ్రులు పోయిరి. పదుమూడవయేట పెండ్లి చేసిరి. ఆ సంసారము పొసగలేదు, పుట్టింటికి వచ్చినది. తమ్ముడు అంబాలాలు ఆమెయందు ప్రేమగలవాడు; ఇంగ్లండునకు చదువ బంపెను. తిరిగివచ్చి మిల్లు పనివాండ్ర పిల్లలకు బడి పెట్టినది. ఒక యుదయమున పదునైదుగురు పనికత్తెలు నడువలేక నడచుచు ఇంటిముందు పోవుటను చూచి ఎక్కడనుండి యని యడిగినది. ముప్పదియాఱు గంటలు ఎడతెగక పని చేసి వచ్చుచున్నామని వారు చెప్పిరి. సోదరీ, ఒక్క ప్రశ్న! నేను పదునైదేండ్లు అడుగక యూరకున్నట్టిది.

1917లో పట్టణమున మహామారి ప్రబలగా, పనివాండ్రు పారిపోకుండుటకు యజమానులు హెచ్చుగా బోనసు నిచ్చిరి. వ్యాధి తగ్గిన పిదప దానిని తీసివేయ నెంచిరి. ధరలు మాత్రము తగ్గలేదు. యజమానులు నూటికి 20 వంతులు హెచ్చింతుమనిరి; గాంధీగారు విచారించి 35 న్యాయమనిరి. యజమానుల పక్షమున ముందు నిలిచినవాడు తమ్ముడు అంబాలాలు. పనివాండ్ర పక్షమున నిలిచినది అక్క అనసూయ. 1918 ఫిబ్రవరిలో మిల్లులు మూతబడినవి. నది యొడ్డున తుమ్మచెట్టు క్రింద ప్రతిదినము సభ. దినములు గడచుకొలది ఇంట గింజ లేక పనివాండ్ర పట్టు సడలుచుండగా, మార్చి 15న గాంధీగారు నిరశన వ్రతము పూనిరి. 18న రాజీ కుదిరినది. మొదటిదినమునకు 35, రెండవదినమునకు 20, తరువాత మధ్యవర్తి తీర్పు వచ్చువఱకు ఇరువదియేడున్నర! ఇరుపక్షముల ప్రతిజ్ఞలును చెల్లునట్లు గుజరాతీ లెక్క చూడుడు. తుదకు మధ్యవర్తి ఆనందశంకర ధ్రువగారు 35 అనియే తీర్పు చెప్పిరి.

అక్కతమ్ముల మధ్య రక్తసంబంధము తెగలేదు. దానికి నేను మిక్కిలి యాశ్చర్యపడితిని. మన యిండ్లలో ఒక చీరె విషయమై మాటలు మానుకొన్న తోడబుట్టినవారిని నేనెఱుగుదును. 1920లో పనివాండ్ర సంఘము స్థాపితమైనపుడు దానికి మజూరు మహాజనమని పేరుపెట్టిరి. మహాజనమను మాట అంతవఱకు శేఠులది. ఆ మాటను కూలివాండ్రకు తెచ్చి యిచ్చుటలోనే సగము పని జరిగినదని నా తలంపు.

తరువాతి శేఠులలో కస్తూరిభాయి లాలుభాయి తండ్రిపోగా పదునేడేండ్ల ప్రాయముననే మిల్లు భారము వహించి, 1931లో అరవిందు మిల్లులు స్థాపించి, కళాశాలలకు, పరిశోధనాలయములకు విరివిగా ధనమిచ్చి పట్టణమునకు విద్యాకేంద్రమను పేరు తెచ్చెను. ఈ సంగతి వేఱొక మాసమున.

మనకు దగ్గఱి కథ యొకటి చెప్పి గంపలయొద్దకు పోదును. 1969లో కర్సనుభాయి పటేలు అను నాతడు సర్కారు కొలువున రసాయన శాస్త్రజ్ఞుడుగా నుండి, తీరిక వేళల ఇంటి పెరటిలో బట్టలుతుకు పొడి కలిపి, సంచులలో నింపి, సైకిలుమీద పెట్టుకొని ఇల్లిల్లు తిరిగి యమ్మెను. పెద్ద కంపెనీ పొడి కిలో పదుమూడు రూపాయల వఱకు నుండగా ఇతడు సుమారు మూడు రూపాయలకే యిచ్చెను. కుమార్తె నిరుపమ పేరునుండి దానికి నిర్మా యని పేరు. ఆ పాట రేడియోలో, టెలివిజనులో వినని తెలుగింటి పిల్ల లేదు. ఆతని నంతవానిని చేసినది ఏ బ్యాంకును గాదు. మొదటి వారము పొడి కొని, తెల్లబడినదో లేదో చూచి, రెండవవారము మరల కొన్న ఇల్లాండ్రు. మన బుట్టలో పడు ప్రతి వస్తువును ఒక వ్యాపారమును నిలుపుటయో కూల్చుటయో చేయును.

ఇక అసలు సంగతి. ఇలా భట్టు 1933లో అహమ్మదాబాదున పుట్టినది. న్యాయశాస్త్రము చదివి 1955లో మజూరు మహాజనమున చేరినది. 1968లో దాని స్త్రీల శాఖకు పెద్ద యైనది. మహాజనము మిల్లు పనివాండ్రకు. కాని పట్టణమున మిల్లులోపల లేని కష్టజీవులెందఱు! బట్టల బజారులో తలపై మూటలు మోయు స్త్రీలు ఆమెయొద్దకు వచ్చిరి. ఎంత దూరము మోసినను మూటకింతయని కూలి. ఎన్ని మూటలో వ్రాసికొన్న లెక్క లేదు. ఇలా పత్రికలో వ్రాసినది. బట్టల వర్తకులకు కోపము వచ్చి, తాము న్యాయమైన కూలియే యిచ్చుచున్నామని, ఇంత యింత యని, తామును పత్రికలో ప్రకటించిరి. ఇలా చేసినదేమి? ఆ ప్రకటననే చిన్న చీటీలమీద అచ్చు వేయించి మూటలు మోయు స్త్రీలకు పంచిపెట్టినది. "ఇదిగో, మీరన్న కూలి" యని వారు శేఠుల యెదుట చీటీ పట్టుకొని నిలువవచ్చును. ఈ యుపాయమును చదివినపుడు నేనొంటరిగా గట్టిగా నవ్వితిని.

ఆ వార్త విని ఇతరులు వచ్చిరి. పాతబట్టలకు గిన్నెలిచ్చు స్త్రీలు మన వీధులలోను కలరు గదా. అట్టివారు అహమ్మదాబాదున పాత చీరెలను ఉదికి, కుట్టి, బజారున అమ్ముచుందురు. 1971 డిసెంబరులో వీరి సభ యొకటి జరుగగా, సభలోని స్త్రీయే తమకొక సంఘము కావలెననెను. స్వయముగా వృత్తి చేసికొను స్త్రీల సంఘము ఆ విధముగా బయలుదేరినది. సేవ యని దాని ముద్దుపేరు. దాఖలు చేయబోవగా సర్కారు ఉద్యోగులు చిక్కు పెట్టిరి. మీకు యజమాని లేడే, ఎవరితో పోరాడుటకు సంఘము? అని వారి ప్రశ్న. సంఘమన నొకరితో పోరాడుటకే గాదు, మాలో మేము కలిసియుండుటకు గూడ నని ఇలా వాదించినది. 1972 ఏప్రిలులో దాఖలైనది.

కష్టము కూలియొద్ద లేదని, అప్పుయొద్ద నున్నదని త్వరలోనే తెలిసినది. కూరలమ్మునామె ఉదయమున 50 రూపాయలు తెచ్చి సాయంకాలము 55 చెల్లించును. దినమునకు 5. నెలకు 150. అసలు 50 మాత్రము ఎప్పుడును తీఱదు. మఱునాడు మరల తేవలెను. తోపుడుబండి అద్దెకు, కాటా అద్దెకు, పుస్తెలు తాకట్టున. అప్పటికి పెద్ద బ్యాంకులు జాతీయమైనవి గాన వారిని ఆ బ్యాంకులకు తీసికొని పోయిరి. చంకలో బిడ్డతో, మాసిన చీరెతో, చిల్లర నాణెములతో, బేరము లేని వేళ జూచుకొని వచ్చు నీ స్త్రీలతో నెట్లు వ్యవహరింపవలెనో బ్యాంకు గుమాస్తాలకు తెలియలేదు. బ్యాంకు కాగితములతో నేమి చేయవలెనో వీరికి తెలియలేదు.

అట్లయిన మన బ్యాంకే పెట్టుకొందమని వారిలో వారే యనుకొనిరి. 4,000 మంది, తలకు 10 రూపాయల చొప్పున వాటా. అనగా 40,000 రూపాయలు. ఒక్క శేఠు విందునకు వ్యయపరచు పైకము! దాఖలు చేయు నధికారి మరల నడ్డు చెప్పెను: చేవ్రాలు చేయలేని వారు బ్యాంకు నెట్లు నడపుదురు? మాట సహేతుకముగనే యుండెను. సంస్థాపకులు పదునైదుగురు. ఆ రాత్రి వారు కూర్చుండి తమ పేరు వ్రాయుట నేర్చుకొనిరి. ఏబదియేండ్ల వయస్సున బలపము పట్టిన చేయి యెట్లుండునో ఇంటిలో ముసలివారికి చదువు నేర్పిన వారికి తెలియును. తెల్లవాఱి పోయి అధికారి యెదుట చేవ్రాళ్ళు చేసిరి. 1974లో బ్యాంకు దాఖలైనది. లెక్క పుస్తకమున వ్రాత రాని వారికి ఛాయాపటమంటించిరి. అంగళ్ళయొద్దకు, ఇండ్లయొద్దకు బ్యాంకువారే పోయి దినదినము పైకము వసూలు చేసిరి.

ఇందొక సూక్ష్మము గలదు, సోదరీ. అప్పు ఆమె పేరనే ఇత్తురు. తాకట్టు విడిపించిన నగ ఆమెది. కొన్న తోపుడుబండి ఆమెది. ఇంటికి అప్పిచ్చినపుడు ఇల్లు ఆమె పేర నుండుట మేలని చెప్పుదురు. పెట్టెలో చీరె మడతల క్రింద దాచిన పైకము ఎవరికి దొరకునో, ఎందులకు వ్యయమగునో మనమెఱుగుదుము. బ్యాంకులో నున్నది అడిగినంతనే చేతికి రాదు. అంతమాత్రముననే యెన్నో యిండ్లలో గింజలు మిగిలినవి. భర్తలు మొదట కోపించిరని, పిదప అప్పు కావలసినపుడు భార్యనే సిఫారసడిగిరని విన్నపుడు నాకు కలిగిన సంతోషము ధర్మశాస్త్రమున కెంతవఱకు సమ్మతమో చెప్పలేను.

సంఘమునకు చిక్కులు పోలేదు. 1981లో వైద్యకళాశాలలలో హరిజనులకు కేటాయించిన స్థానముల విషయమై పట్టణమున నల్లరులు చెలరేగగా, ఇలా ఆ దీనుల పక్షమున మాటాడినది. మజూరు మహాజనము సేవ సంఘమును వెలివేసినది. పుట్టిల్లు వాకిలి మూసినది. వీరు వేఱింటికాపురము పెట్టిరి.

అదే కాలమున మాణిక్ చౌకు తగవు. ఇది కోట నడుమ నున్న చదుకము. ఉదయమున పశువులకు మేత, పగలు బంగారము, రాత్రి తినుబండారములు, ఇట్లు ఒకేచోట మూడు బజారులు మాఱును. అందు కూరలమ్ము స్త్రీలు తల్లినుండి కూతురికి, అత్తనుండి కోడలికి సంక్రమించిన చోట్ల కూర్చుండెడివారు. ఆ చోటు జానెడు. కాగితము లేదు. పోలీసువారు వచ్చి లేపుదురు, గంప లాగుదురు, మామూలు పుచ్చుకొందురు. రాకపోకల కడ్డమని ఒకప్పుడు వారిని బొత్తిగా తొలగించిరి. స్త్రీలు తిరిగి వచ్చి తమ చోట్లలోనే కూర్చుండిరి. 1982లో సేవ వారి పక్షమున ఢిల్లీలో సుప్రీముకోర్టు నాశ్రయించినది. నాలుగు బుట్టల వంకాయలు, దేశమునకెల్ల పెద్ద న్యాయస్థానము! నవ్వుదురేమో. కాని రత్నాల శేఠునకు అంగడి యెట్టిదో ఆమెకు ఆ జానెడు చోటు అట్టిది. కోర్టు వారి మొఱ నాలకించినది. వారికి కూర్చుండు హక్కు నిలిచినది. వీధి వర్తకులను గూర్చి దేశమంతటికి చట్టము వచ్చుటకు మాత్రము 2014వఱకు ఆగవలసివచ్చినది.

ఇంతలో పొగగొట్టములు చల్లబడినవి. 1980, 1990వ దశకములలో మిల్లులొకటొకటిగా మూతబడి లక్షమంది వఱకు పని పోగొట్టుకొనిరి. యూనియను కార్డు గల మగవాడు ఇంట కూర్చుండెను. కార్డు లేని యామె గంప నెత్తినది, బీడీలు చుట్టినది, అగరువత్తులు చేసినది. పట్టణపు వ్యాపారమున కెవరు మూలమని యడిగినచో, ఆ సంవత్సరములలో పొయ్యి వెలిగిన యిండ్లనడుగవలెను.

ఇలా భట్టు 2022 నవంబరులో స్వర్గస్థురాలైనది. సేవలో నిప్పుడు ఇరువది లక్షలకు మించి స్త్రీలున్నారు.

జాబు వ్రాసిన సోదరికి ఇంకొక్క మాట చెప్పి ముగింతును. ఈ వ్యాసము వ్రాయుచున్న వారములో మా కూరలామెను మరల నడిగితిని. ఇంటిలో బ్యాంకు పుస్తకమొకటి యున్నదట. అందలి పేరు భర్తది. సోమవారమున మేమిద్దరము పోయి ఆమె పేర వేఱొకటి తెఱపించుటకు నిశ్చయించుకొంటిమి. చేవ్రాలు కొఱకు మా చాకలి పద్దు పుస్తకము వెనుక అట్టమీద అభ్యాసము చేయుచున్నది. ఆమె పేరున నాలుగక్షరములు. మూడు కుదిరినవి, నాలుగవది ఇంకను అడ్డముగా పోవుచున్నది.